అమ్మ చూసిన స్టేషను

పండక్కి పూజగది దులిపేటప్పుడు దేవుడి పటాల వెనకనుంచి ఏవేవో బయటపడుతుంటాయి కదండీ. ఎప్పుడో ముడుపు కట్టి మరిచిపోయిన రూపాయి బిళ్ల, ఎండిపోయిన తులసిమాల, ఎవరో తెచ్చిచ్చిన విభూతి పొట్లం. మా అమ్మ పూజగదిలో అలాంటిదే ఒక ఇత్తడి భరిణె ఉండేది. చిన్నప్పుడు అందులో కుంకుమ ఉందనుకుని మూత తీశాను. కుంకుమ కాదు, గుప్పెడు ఇసుక! బయట పారబోయబోతుంటే అమ్మ పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి లాక్కుంది. "అది సేతువు ఇసకే పిల్లా! మీ అమ్మమ్మది!" అంది.

ఆ ఇసుక ధనుష్కోటిది. మా అమ్మమ్మ అక్కడికి రైల్లో వెళ్లి తెచ్చుకుంది. ఇప్పుడు అక్కడికి రైలు పోదు. ఆ స్టేషను మూతపడి అరవై ఏళ్లు దాటింది. రామేశ్వరం వెళ్లొచ్చిన వాళ్లు మీలో చాలామంది ఉంటారు. ధనుష్కోటిలో ఆ మొండిగోడలు చూసి, ఒక ఫొటో దిగి వచ్చేసి ఉంటారు. ఆ గోడల కథ, దాంతోపాటు మా ఇంటి కథ మీతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. 1959లో అమ్మమ్మ, తాతయ్య, ఇరుగుపొరుగు మరో ఇద్దరు దంపతులు కలిసి రామేశ్వరం బయల్దేరారు. అమ్మకి పదేళ్లు. ఇంట్లో చూసేవాళ్లు లేక వెంట తీసుకెళ్లారు. మరచెంబులో మంచినీళ్లు, విస్తరాకుల కట్ట, రెండు రోజులకు సరిపడా పులిహోర, డబ్బా నిండా జంతికలు, సున్నుండలు. మద్రాసు సెంట్రల్లో దిగి, జట్కా కట్టించుకుని ఎగ్మూరు స్టేషనుకు వెళ్లి, అక్కడ రామేశ్వరం వైపు పోయే మీటరుగేజీ బండి ఎక్కారట. దాన్ని అందరూ బోట్ మెయిల్ అనేవారు. రైలుకి బోటు పేరేమిటా అని అమ్మకి పెద్ద వింతగా ఉండేదట.

ఆ పేరు ఊరికే రాలేదండీ. బ్రిటిషువాళ్ల కాలంలో సౌత్ ఇండియన్ రైల్వే అని ఒక కంపెనీ ఉండేది. మన దేశం నుంచి సింహళానికి, అంటే ఇప్పటి శ్రీలంకకి మనుషుల్నీ ఉత్తరాల్నీ తొందరగా చేర్చాలని పాంబన్ దగ్గర సముద్రం మీద వంతెన కట్టి 1914 ఫిబ్రవరిలో తెరిచారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఓడలు వచ్చినప్పుడు మధ్యలో రెండు రెక్కలు పైకి లేచి దారిచ్చేవి. వంతెన దాటాక పాంబన్ స్టేషను. అక్కణ్ణుంచి ఒక దారి రామేశ్వరానికి, ఇంకో దారి ద్వీపం కొసన ఉన్న ధనుష్కోటికి. సింహళం వెళ్లేవాళ్లు మద్రాసులోనే కొలంబో దాకా టిక్కెట్టు కొనుక్కుని, ధనుష్కోటి రేవులో రైలు దిగి స్టీమరెక్కేవారు. అవతల తలైమన్నార్లో దిగితే మళ్లీ కొలంబోకి రైలు సిద్ధంగా ఉండేది. రైలు, ఓడ, మళ్లీ రైలు. అందుకే అది బోట్ మెయిలు.

మామూలు పల్లె, చుట్టూ జాలర్ల గుడిసెలు, రెండు పక్కలా సముద్రం. అలాంటి చోటుకి స్టేషను రావడంతో పోస్టాఫీసు, కస్టమ్స్ ఆఫీసు, బడి, ఆస్పత్రి, చర్చి, రైల్వే క్వార్టర్లు అన్నీ వచ్చి చేరాయి. మనకేమో అది పుణ్యక్షేత్రం. ధనుస్సు కొన కాబట్టి ధనుష్కోటి అన్నారు. సేతువు దగ్గర స్నానం చేసి, ఇసుక తీసుకెళ్లి ప్రయాగలో త్రివేణీ సంగమంలో కలిపి, అక్కడి గంగ తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయిస్తేనే కాశీ రామేశ్వర యాత్ర పూర్తయినట్టని పెద్దవాళ్లు చెబుతారు.

అబ్దుల్ కలాం గారిది రామేశ్వరమే కదా. ఆయన తండ్రి యాత్రికుల్ని రామేశ్వరం నుంచి ధనుష్కోటికి తన పడవలో చేరవేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే, కదిలే బండిలోంచి విసిరేసిన పేపర్ల కట్టల్ని చిన్న పిల్లాడైన కలాం ఏరి అందించేవారట. ఆయన మొదటి సంపాదన అదేనని ఆయనే రాసుకున్నారు.

ఇక అమ్మకి గుర్తున్న ధనుష్కోటి వేరు. "స్టేషన్లో ఎటు చూసినా ట్రంకుపెట్టెలేనే. తెల్ల బట్టల ఆఫీసర్లు ఒక్కొక్క పెట్టే తెరిపించి చూస్తున్నారు. మా పెట్టె కూడా తెరుస్తారేమోనని మా అమ్మ భయం. అందులో ఏమున్నాయని! జంతికలేగా!" అని ఇప్పటికీ నవ్వుతుంది. రేవులో స్టీమరు చూసి ఎక్కుతానని ఏడ్చిందట. తాతయ్య రెండు తగిలించారట.

అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పేది మంచినీళ్ల సంగతి. సేతు స్నానం చేసి వచ్చేసరికి మరచెంబు ఖాళీ అయింది. దాహం. ఒక జాలరావిడ వీళ్లని చూసి, సముద్రానికి కాస్త ఎగువన ఇసుకలో చేత్తో గొయ్యి తీసిందట. మోకాలి లోతు తవ్వేసరికి నీళ్లు ఊరాయి. దోసిట్లో పోసి తాగమంది. ఉప్పు లేదు! చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో తియ్యటి నీళ్లు. అమ్మమ్మకి అరవం రాదు, ఆవిడకి తెలుగు రాదు. అమ్మమ్మ మూటలోంచి సున్నుండలు తీసి ఆవిడ కొంగులో పోసింది. ఆవిడ అమ్మ బుగ్గ గిల్లి, స్టేషను దాకా వచ్చి బండెక్కించి వెళ్లిందట.

ఇంటికొచ్చాక అమ్మమ్మ ఇసుకని భరిణెలో పోసి పూజగదిలో పెట్టుకుంది. మరుసటేడు కాశీ వెళ్లి ప్రయాగలో కలపాలని. మరుసటేడు పొలం తాకట్టు పడింది. ఆ పైయేడు పెద్దమ్మ పెళ్లి. తరవాత తాతయ్యకి పక్షవాతం. మన ఇళ్లల్లో ఆడవాళ్ల యాత్రలు ఎలా వాయిదా పడతాయో మీకు వేరే చెప్పాలా!

ఇలా ఉండగా 1964 డిసెంబరు వచ్చింది. ధనుర్మాసం. 22వ తేదీ రాత్రి పెద్ద తుపాను ఆ ద్వీపాన్ని కొట్టింది. పాంబన్ నుంచి ధనుష్కోటికి వెళ్లే రాత్రి పాసింజరు స్టేషనుకి దగ్గరదాకా వెళ్లింది. గాలికి సిగ్నల్ పని చెయ్యలేదు. చీకట్లో, వానలో ముందుకు కదిలిన బండి మీద ఉప్పెన విరుచుకుపడింది. ఇంజను, పెట్టెలు, అందులో ఉన్న సుమారు 115 మంది, అంతా సముద్రం పాలయ్యారు. పాంబన్ వంతెన కూడా చాలా భాగం కొట్టుకుపోవడంతో ద్వీపానికీ బయటికీ సంబంధం తెగిపోయింది. రైలు ఏమైందన్నది లోకానికి వెంటనే తెలియనే లేదు. ధనుష్కోటిలో ఇళ్లు, స్టేషను, రేవు ఏవీ మిగల్లేదు. మొత్తం మీద 1800 మందికి పైగా పోయారని లెక్క. రామేశ్వరం గుడి మండపాల్లో వందలమంది తలదాచుకున్నారు. మన సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు కూడా అప్పుడు రామేశ్వరంలోనే చిక్కుపడ్డారు.

అమ్మకి అప్పుడు పదిహేనేళ్లు. పక్కింటి మాస్టారు పేపరు తెచ్చి చదివి వినిపించారట. అమ్మమ్మ వింటూ వింటూ లేచి వెళ్లి భరిణె ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. "ఆవిడ ఉందో పోయిందో" అని ఒక్కటే మాట. పేరు తెలియదు. ఉత్తరం రాద్దామంటే ఎవరికని రాస్తాం? చనిపోయేదాకా డిసెంబరు వస్తే ఆ మాట అనేది. 1988లో అమ్మమ్మ పోయింది. భరిణె అమ్మకొచ్చింది.

పాంబన్ వంతెనని మాత్రం తొందరగానే బాగుచేశారు. 126 స్పాన్లు కొట్టుకుపోతే, సముద్రంలో మునిగిన ఇనప గర్డర్లను వెతికి తీయించి, 46 రోజుల్లో రైలు నడిపించారు. ఆ పని చేయించిన కుర్ర ఇంజనీరు శ్రీధరన్. తరవాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించింది ఆయనే. బోట్ మెయిలు మళ్లీ వచ్చింది కానీ రామేశ్వరం వరకే. ధనుష్కోటి మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రభుత్వం తేల్చేసింది. పట్టాలు మళ్లీ వెయ్యలేదు. సింహళం స్టీమరు రామేశ్వరం నుంచి కొన్నాళ్లు నడిచి, అక్కడి గొడవలతో 1980లలో అదీ ఆగిపోయింది. 2019లో ధనుష్కోటికి మళ్లీ లైను వేస్తామని శంకుస్థాపన చేశారు. ఇంతవరకూ పట్టాలు పడలేదు.

ఇంక మా ఇంటి సంగతికొస్తాను. అమ్మ ఆ స్టేషను మళ్లీ చూడాలని అడగటం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. అడిగినప్పుడల్లా నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. పిల్లాడి టెన్త్ పరీక్షలు. అమ్మాయి ఎంసెట్. అత్తగారి మోకాళ్ల ఆపరేషను. ఇల్లు కట్టిన అప్పు. నేను చెప్పినవన్నీ నిజాలే. అబద్ధం ఒక్కటీ లేదు. అదే నన్ను ఇప్పుడు బాధపెడుతోంది. అబద్ధమైతే ఎప్పుడో పట్టుబడి ఉండేదాన్ని.

మూడేళ్ల కిందట అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం మొదలైంది. తరవాత ఇంటి తాళం. తరవాత మా తమ్ముడి కూతురి పేరు. డాక్టరు చూసి, మతిమరుపు జబ్బని, మందులు వాడినా నెమ్మదిస్తుందే తప్ప తగ్గదని చెప్పారు. "పాత సంగతులు ఎక్కువకాలం గుర్తుంటాయి, కొత్తవే ముందు పోతాయి" అన్నారు. నిజంగానే పొద్దున తిన్న టిఫిను గుర్తుండదు కానీ 1959లో డబ్బాలో జంతికలున్నాయని గుర్తు. కానీ ఈ మధ్య ఆ కథలో కూడా ముక్కలు జారిపోతున్నాయి. ఒకరోజు జాలరావిడ దగ్గరకొచ్చి ఆగిపోయింది. "తరవాతేమైందే?" అని నన్నడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఏముందక్కా అక్కడ చూడటానికి? నాలుగు గోడలు. అమ్మని అంత దూరం తిప్పితే ఇంకా అయోమయం అవుతుంది" అన్నాడు. వాడన్నదీ తప్పు కాదు. మా వారు మాత్రం, "నువ్విప్పుడు ఆగితే తరవాత నిన్ను ఆపింది ఎవరని నన్నంటావు. వెళ్లిరండి" అన్నారు. పాత పాంబన్ వంతెనని 2022 డిసెంబరులో మూసేశారు. దాని పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్లో తెరిచారు. రైల్లోనే వెళ్లాలన్నది అమ్మ పట్టుదల. అందుకని వంతెన తెరిచాకే, 2025 ఆగస్టులో అమ్మా నేనూ బయల్దేరాం. పులిహోర నేనే చేశాను. జంతికలు కూడా. భరిణె నా హ్యాండుబ్యాగులో.

వంతెన మీద రైలు నెమ్మదించగానే అమ్మ కిటికీలోంచి చూసి, "ఇప్పుడు పైసలు వెయ్యాలి" అంది. తలుపు దాకా తీసుకెళ్లే ధైర్యం లేక, కిటికీ ఊచల్లోంచి రూపాయి బిళ్ల వేయించాను. సముద్రంలో పడిందో వంతెన మీదే పడిందో ఆ రాముడికే తెలియాలి.

రామేశ్వరంలో దర్శనం అయ్యాక మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం. ధనుష్కోటి సుమారు 20 కిలోమీటర్లు. 2017 దాకా ఇసుకలో జీపులు, వ్యాన్లు మాత్రమే పోయేవి. ఇప్పుడు కొస దాకా మంచి రోడ్డు. ఒక పక్క బంగాళాఖాతం, ఒక పక్క మన్నారు సింధుశాఖ. దారిలో కోదండరామస్వామి గుడి. 1964 తుపానుకి తట్టుకుని నిలబడింది అదే. విభీషణుడు రాముడి శరణు కోరిన చోటు అంటారు.

ధనుష్కోటిలో దిగాం. పైకప్పు లేని చర్చి, రైలింజన్లకు నీళ్లు పట్టిన ట్యాంకు మొండెం, ఇసుకలో సగం కూరుకుపోయిన గోడలు. స్టేషను గోడ దగ్గరికి అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. "అమ్మా, ఇదే స్టేషను" అన్నాను. అమ్మ చూసింది. చాలాసేపు చూసింది. మొహంలో ఏమీ లేదు.

"బండి ఎన్నింటికే?" అంది.

నేనేం చెప్పను? ఇన్నేళ్లూ పరీక్షలు, అప్పులు అంటూ ఆపి, తీరా తెచ్చింది ఇందుకా అనిపించింది. తమ్ముడి మాట గుర్తొచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగితే గాలికి ఇసుక పడిందని చెప్పి తుడుచుకున్నాను. అమ్మని పక్కనే ఉన్న గవ్వల కొట్టు నీడలో కూర్చోబెట్టాను. ఆ కొట్టావిడది నా వయసే ఉంటుంది. అక్కడే బతుకుతున్న జాలరి కుటుంబం. కరెంటు, వసతులు లేకపోయినా ఆ ఇసుకని వదలని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ వాలకం చూసి ఆవిడ లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. మినరల్ వాటరేమో అనుకున్నా. కాదు, గుడిసె వెనక ఇసుకలో తవ్విన చెలమలో నీళ్లని సైగ చేసి చూపించింది.

అమ్మ ఒక గుక్క తాగింది. గ్లాసు దించి ఆవిడ మొహంలోకి చూసింది.

"ఉప్పు లేదు" అంది. మళ్లీ తాగింది. నా వైపు తిరిగి, "ఏమే, సున్నుండలు తెచ్చావా?" అంది.

సున్నుండలు చెయ్యలేదండీ. పులిహోర చేశాను, జంతికలు చేశాను. సున్నుండలు మరిచిపోయాను. జంతికల డబ్బా తీసిస్తే అమ్మే ఆవిడ కొంగు పట్టుకుని అందులో గుమ్మరించింది. ఆవిడకి ఏం అర్థమైందో గానీ నవ్వింది. అమ్మ బుగ్గ మీద చెయ్యి వేసింది. ఆవిడ అప్పటావిడకి ఏమైనా అవుతుందా అంటే ఎలా చెప్పగలం? నేను అడగనూ లేదు, అడిగే భాషా లేదు.

ఆ గంటసేపూ అమ్మ మామూలు మనిషి. ట్రంకుపెట్టెలు ఎక్కడ పేర్చారో, తాతయ్య తనని ఎక్కడ కొట్టారో చేత్తో చూపించింది. అవి నిజంగా అక్కడేనా అన్నది నాకనవసరం. భరిణె తీసి చేతికిచ్చి, "ఇక్కడ పోసేద్దామా?" అన్నాను. అమ్మ మూత గట్టిగా బిగించింది. "ఇక్కణ్ణుంచి తెచ్చింది ఇక్కడ పొయ్యడమేంటి? ఇది మా అమ్మ ఇసక. ప్రయాగ పోవాలి" అంది.

వచ్చేటప్పుడు రైల్లో మళ్లీ అంతా మరిచిపోయింది. రామేశ్వరం ఎప్పుడు వెళ్తున్నామని అడిగింది. వెళ్లొచ్చామని చెప్పి ఫోన్లో ఫొటోలు చూపిస్తే, "ఈ పెద్దావిడెవరే?" అంది తన బొమ్మ చూసి. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వక ఏం చేస్తాం?

మీలో ఎవరైనా పెద్దవాళ్లని తీసుకుని వెళ్లేటట్టయితే ఒకటి రెండు మాటలు. పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కితే ఇసుకలో కాలు పెట్టలేరు. చీకటి పడకముందే తిరిగి వచ్చేయాలి. గొడుగు, తలకి కట్టుకోవడానికి చున్నీయో తువ్వాలో ఉండాలి, గాలి మామూలుగా ఉండదు. కొసన సముద్రంలో సుడులుంటాయి. స్నానానికి దిగకుండా నీళ్లు తల మీద చల్లుకోండి చాలు. స్నానాలు రామేశ్వరంలో అగ్నితీర్థంలో చెయ్యొచ్చు. జ్ఞాపకశక్తి తగ్గిన వాళ్లయితే పేరు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ వాళ్ల జేబులోనో రవికెకో పిన్నుతో పెట్టండి. మేం అలాగే చేశాం.

ఇంటికొచ్చాక తమ్ముడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. "ప్రయాగకి నేనూ వస్తానక్కా. సెలవు పెడతాను" అన్నాడు. ఈసారి ఏ పరీక్షలూ అడ్డం చెప్పలేదు. టిక్కెట్లు తీసేశాం. మూడు టిక్కెట్లు, భరిణెతో కలిపి నలుగురం అనుకోండి. అమ్మ రోజూ పొద్దున్నే "బండి ఎన్నింటికే?" అని అడుగుతోంది. ఇప్పుడు నా దగ్గర జవాబుంది. తేదీ, టైము, ప్లాట్‌ఫారం ఎక్కడో అన్నీ చెబుతున్నాను. మధ్యాహ్నానికి మరిచిపోయి మళ్లీ అడుగుతుంది. మళ్లీ చెబుతాను.

ఈసారి సున్నుండలు మరిచిపోను. మినుములు అప్పుడే ఎండబెట్టాను.